అంచున రాసుకున్న మాటలు

గత వారం ఒక సాయంత్రం, దీపాలు వెలిగించే వేళకు, కిటికీలోంచి పొగ వాసన వచ్చింది. ముందు వచ్చింది ఎండుటాకుల పొగ. అది ముక్కుకు తగలగానే నేను మా నాయనమ్మ పెరట్లో, చేతిలో కర్రతో ఆకుల కుప్పను ఎగదోస్తున్న పిల్లవాణ్ణయిపోయాను. ఆ సంబరం అర నిమిషమైనా నిలవలేదు. దాని వెనకే గొంతు గీరుకుపోయే, కళ్ళు మండించే ఇంకో వాసన వచ్చింది. అది కాలుతున్న ప్లాస్టిక్కు వాసన. లేచి కిటికీ మూశాను. మూసిన తర్వాత తోచింది, చిన్నతనంలో ఆకుల పొగ వస్తోందని మా ఇంట్లో ఎవరూ కిటికీ మూసిన గుర్తు లేదని.

నాయనమ్మ పెరడు ఊడ్చే చప్పుడుతోనే మాకు పొద్దు గుంకేది. చీపురు పుల్లలు మట్టినేలను గీరే ఆ చప్పుడుకు ఒక లయ ఉండేది: మూడు పొడుగాటి ఊడ్పులు, ఒక పొట్టి విసురు, మధ్యలో నడుం పట్టుకుని ఆమె నిలబడినంతసేపు నిశ్శబ్దం. ఊడ్చినదంతా పెరటి మూలనున్న గోతిలోకి పోయేది. ఆకులు, పుల్లలు, పొయ్యి బూడిద, తొక్కలు, ఇక కుట్టు నిలవనంతగా చివికిపోయిన గుడ్డపీలికలు, చివరికి అరిగిపోయిన చీపురు కూడా ఆ గోతిలోకే. కొన్నాళ్ళకు దాన్ని తవ్వితే నల్లటి మట్టి వచ్చేది, అది మొక్కల మొదళ్ళలో పడేది. ఆ గొయ్యి నిండిపోవడమన్నది నేను చూడలేదు. ఆకులు మరీ ఎక్కువగా రాలిన రోజుల్లో మాత్రం పక్కన కుప్ప పోసి అంటించేవారు; కర్ర నా చేతికి వచ్చేది ఆ రోజుల్లోనే.

ఆకుల పొగ మంచిదని చెప్పడం నా ఉద్దేశం కాదు. అందులోనూ ఊపిరితిత్తుల లోతుకు దిగే సన్నటి నుసి ఉంటుంది, కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. నాయనమ్మను ముసలితనంలో ఒక దగ్గు పట్టుకుని చివరిదాకా వదలలేదు. అది ఈ పొగ వల్లనో, పొయ్యి పొగ వల్లనో ఇప్పుడు ఎవరు చెప్పగలరు?

*

ఆ ఇంట్లో ఏ వస్తువుకూ ఒక్క జన్మతో తీరేది కాదు. కట్టుబట్ట పాతబడితే పక్కగుడ్డ అయ్యేది, పక్కగుడ్డ చిరిగితే మసిగుడ్డ అయ్యేది, మసిగుడ్డలో గట్టిగా మిగిలిన అంచు దేనికో కట్టుతాడుగా మారేది. నాన్నగారు తమకు వచ్చిన ఉత్తరాల కవర్లను నీటి ఆవిరి మీద పట్టి, జాగ్రత్తగా విప్పి, లోపలి వైపు పైకి వచ్చేలా తిప్పి అతికించి మళ్ళీ వాడేవారు. పొట్లాలకు చుట్టి వచ్చిన దారాన్ని నాయనమ్మ ముడి మీద ముడి వేసి ఉండగా చుట్టేది. ఆ ఉండ నేను పుట్టేనాటికే ఉంది, నేను చదువుకని ఇల్లు విడిచేనాటికి రెండు పిడికిళ్ళంత అయింది. దారం కావలసినప్పుడు ఉండను నేల మీద దొర్లించి కావలసినంత తెంచుకునేవాళ్ళం. అది దొర్లుతుంటే ముడులు నేలకు తగిలి టకటకమనేవి.

అలాంటి ఇంట్లోకి మొదటి ప్లాస్టిక్కు సంచి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. నాన్నగారు దేన్నో అందులో వేసుకుని తెచ్చారు. ఏం తెచ్చారో గుర్తు లేదు, సంచి ఒక్కటే గుర్తుంది. నాయనమ్మ దాన్ని వెలుగుకు ఎత్తి చూసింది, నీళ్ళు పోసి చూసింది, రెండు చేతులతో లాగి చూసింది. ఆ తర్వాత కడిగి, తీగ మీద తలకిందులుగా ఆరవేసి, ఆరాక అరచేత్తో ముడతలు సాపుచేసి, నాలుగు మడతలు పెట్టి పరుపు కింద దాచింది. అవసరమైన వారికి దాన్ని ఇచ్చేటప్పుడు "మళ్ళీ తెచ్చివ్వాలి సుమా" అని గట్టిగా చెప్పి ఇచ్చేది.

ఎంతో కాలం తర్వాత, ఉద్యోగంలో చేరాక, ఆ సంచి పుట్టుక గురించి చదివాను. పాలిథిన్‌ను 1933లో ఇంగ్లండులోని ఒక ప్రయోగశాలలో గిబ్సన్, ఫాసెట్ అనే ఇద్దరు వేరే దేనికోసమో వెతుకుతూ అనుకోకుండా కనుగొన్నారు. పట్టుకోవడానికి రెండు చెవులున్న ఈ సంచికి రూపమిచ్చినది స్టెన్ గుస్టాఫ్ తూలిన్ అనే స్వీడన్ ఇంజనీరు. ఆ రూపానికి 1965లో అమెరికాలో పేటెంటు వచ్చింది. ఆయన ఎప్పుడూ ఒక సంచిని మడిచి జేబులో పెట్టుకుని తిరిగేవారనీ, ఒకసారి వాడి పారేస్తారన్న ఆలోచనే ఆయనకు వింతగా తోచేదనీ ఆయన కుమారుడు చెప్పిన మాటలు చదివినప్పుడు నాకు నవ్వూ వచ్చింది, కళ్ళూ చెమర్చాయి. ఆ సంచిని ఎలా వాడాలని దాన్ని తయారుచేసిన మనిషి అనుకున్నాడో, ఆయన పేరైనా వినని మా నాయనమ్మ సరిగ్గా అలాగే వాడింది.

అయితే కథ అక్కడితో ఆగితే బాగుండేది. సంచులు ఒకటి రెండయ్యాయి, రెండు పదయ్యాయి, పరుపు కింద ఎత్తు పెరిగి పడుకుంటే గరగరలాడడం మొదలైంది. చిరిగినవాటిని ఏం చేయాలన్న ప్రశ్న నాయనమ్మకు ప్రశ్నగానే తోచలేదు. చిరిగిన గుడ్డ ఎక్కడికి పోతుందో అవీ అక్కడికే పోయాయి. ఆ మరుసటి ఏడు గొయ్యి తవ్వినప్పుడు నల్లమట్టిలో రంగురంగుల పీలికలు పేగుల్లా వేలాడుతూ పారకు చుట్టుకున్నాయి. ఆమె ఒకదాన్ని పైకి లాగి, మట్టి దులిపి, నా వైపు చూసి, "ఇదేమిట్రా, ఇది కుళ్ళదేం?" అని అడిగింది. ఆమె గొంతులో కోపం లేదు. ఎన్నో ఏళ్ళుగా నమ్మిన గొయ్యి మొదటిసారి తన మాట వినలేదన్న వింత మాత్రమే ఉంది. ఆ సాయంత్రం ఆ పీలికలన్నిటినీ ఏరి, ఆకుల కుప్పలో వేసి అంటించింది. ఎగదోసే కర్ర నా చేతిలోనే ఉంది.

కాబట్టి గత వారం నన్ను కిటికీ మూయించిన ఆ రెండో వాసన నా జీవితంలోకి ఎవరో బాధ్యత లేనివారి ఇంటినుంచి వచ్చింది కాదు. మా పెరట్లోంచే వచ్చింది.

మన పెద్దలకు ప్రకృతి మీద ఎంతో స్పృహ ఉండేదని ఎవరైనా అన్నప్పుడు నేను పూర్తిగా ఒప్పుకోలేకపోవడానికి ఇదే కారణం. వారికి వస్తువు దొరకడం కష్టంగా ఉండేది, పారేసినది కుళ్ళడం సులువుగా ఉండేది; ఆ రెండింటి మధ్య వారి జీవితం శుభ్రంగా గడిచిపోయింది. కుళ్ళని వస్తువు చేతికి వచ్చిన నాడు కూడా చెయ్యి పాత దారినే పోయింది. పైగా అదే కాలంలో మేము అయిపోయిన టార్చి బ్యాటరీలను రాళ్ళతో పగలగొట్టి, లోపలి నల్లటి కడ్డీలతో గోడల మీద బొమ్మలు వేసేవాళ్ళం, మిగిలినదంతా నేలలోనే కలిసిపోయేది. దోమల మందు పొగ కొట్టే బండి వస్తే కేకలు వేస్తూ ఆ తెల్లటి పొగలోకి దూకేవాళ్ళం. ఏ మోటారు బండి ఆగినా దాని వెనక నిలబడి వాసన పీల్చడం మాకొక సరదా. ఆ పొగలో సీసం ఉందని మాకెవరూ చెప్పలేదు, చెప్పవలసినవారికీ తెలియదు. ఇంజన్ కొట్టుకోకుండా ఉంటుందని 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ కనిపెట్టిన సీసపు మందును రోడ్డు మీది బండ్ల పెట్రోలులో కలపడం లోకమంతటా ఆగడానికి సరిగ్గా నూరేళ్ళు పట్టింది. చివరగా 2021లో అల్జీరియా దాన్ని మానుకుంది. నా బాల్యమంతా ఆ నూరేళ్ళ లోపలే గడిచింది.

*

నా ఉద్యోగం జనం మనసులో ఏముందో అడిగి రాసుకోవడం. మా వాళ్ళు ప్రశ్నాపత్రాన్ని షెడ్యూలు అనేవారు. అట్టకు క్లిప్పుతో బిగించిన షెడ్యూలు, భుజాన సంచి, జేబులో రెండు పెన్నులు, వానాకాలమైతే షెడ్యూళ్ళ కట్టకు చుట్టడానికి ఒక ప్లాస్టిక్కు కవరు, ఇవీ నా పనిముట్లు. సైక్లోస్టైలు సిరా వాసన వదలని ఆ కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాణ్ణి. ఎన్నో విషయాల మీద సర్వేలు చేశాను గాని, మళ్ళీ మళ్ళీ నా వంతుకు వచ్చినది పర్యావరణం. "ప్రకృతి సమతూకం చాలా సున్నితమైనది" వంటి వాక్యం చదివి వినిపించాలి. ఎదుటివారు పూర్తిగా అంగీకరిస్తారో, కొంతవరకు అంగీకరిస్తారో, అంగీకరించరో అడిగి అంకె చుట్టాలి. డన్‌లాప్, వాన్ లీర్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు 1978లో ఇటువంటి 12 వాక్యాలతో ఒక కొలబద్ద తయారుచేశారు, ఆ తర్వాత దాన్ని 15 వాక్యాలకు పెంచారు. లోకంలో ఎక్కడ ఇలాంటి సర్వే జరిగినా దాని నీడ ఏదో ఒక మూల పడుతూనే ఉంటుంది.

శిక్షణ ఇచ్చేటప్పుడు మా సూపర్‌వైజరు గారు ఒక పాత పరిశోధన సంగతి చెప్పారు. లెనార్డ్ బిక్‌మన్ అనే అమెరికా పరిశోధకుడు జనం నడిచే దారిలో కావాలనే చెత్త పడేయించి, దాన్ని దాటి వచ్చినవారిని ఆపి, చెత్త కనిపిస్తే తీయవలసిన బాధ్యత ప్రతివారిదీ కాదా అని అడిగించాడు. సుమారు 500 మందిలో 94 శాతం అవునన్నారు. అప్పుడే ఆ చెత్తను దాటి వచ్చినవారిలో దాన్ని వంగి తీసినవారు దాదాపు 2 శాతం. ఆ ఫలితాలు 1972లో అచ్చయ్యాయి. మేమంతా నవ్వాం. ఆయన నవ్వలేదు. "ఆ తొంభై నాలుగు శాతం మంది అబద్ధం చెప్పారని అనుకోకండి. వాళ్ళు నిజమే చెప్పారు. మీరు రేపటి నుంచి రాసుకురాబోయేది ఆ నిజమే" అన్నారు. ఆ మాటలోని బరువు నాకు తెలిసి వచ్చేసరికి నా జుట్టు సగం నెరిసింది.

నేను వెళ్ళిన మొదటి ఇంట్లోనే అది ఎదురైంది. ముందుగదిలో కూర్చోబెట్టి ఆ ఇంటాయన ఎంతో మర్యాదగా ప్రతి వాక్యానికీ ఆలోచించి జవాబిచ్చారు. నీటిని పొదుపుగా వాడడం అందరి బాధ్యత అన్న వాక్యానికి వచ్చినప్పుడు "పూర్తిగా అంగీకరిస్తానండీ, ఇందులో రెండో మాటే లేదు" అన్నారు. ఆ మాటలు రాసుకుంటున్నంతసేపూ పెరటి వైపు నుంచి, నిండిన బకెట్టు మీదుగా నీళ్ళు పొర్లి నేల మీద పడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆయనకు వినిపించలేదని కాదు. ఆ చప్పుడు ఆయనకు ఇంటి గడియారం టిక్కుటిక్కుల్లాగా అలవాటైపోయింది. ఏం చేయాలో తోచక, అంకె చుట్టి, షెడ్యూలు అంచున పెన్సిలుతో చిన్నగా రాసుకున్నాను: "కొళాయి కట్టలేదు."

ఆ రోజుతో మొదలై, అంచున రాసుకోవడం నాకు అలవాటయింది.

*

అంచుల మీద రాసినవన్నీ తప్పులెన్నే రాతలు కావు. ఒక ముసలాయన సంగతి చెబుతాను. ఇంటి మెట్టు మీద కూర్చుని విరిగిన గొడుగు కమ్మీకి తీగ చుడుతున్నారు. ఒళ్ళో పాత పటకారు, పక్కన డబ్బా నిండా మేకులు, వాటిలో ఒక్కటీ కొత్తది లేదు, అన్నీ సుత్తితో కొట్టి వంపు తీసినవే. నేను ప్రశ్న చదివాను: "పర్యావరణం గురించి మీరు ఎంతగా ఆలోచిస్తారు?" ఆయన తల ఎత్తకుండా "అదేమిటి బాబూ?" అన్నారు. ప్రశ్నకు అర్థం చెప్పడానికి మాకు అనుమతి లేదు, ఉన్నది ఉన్నట్టు మళ్ళీ చదవాలి. మళ్ళీ చదివాను. "నాకు తెలియదు బాబూ, చదువుకున్నవాళ్ళను అడుగు" అన్నారు. తర్వాతి ప్రశ్నలన్నిటికీ అదే జవాబు. పట్టికలు తయారైనప్పుడు ఆయన "అవగాహన లేనివారు" అన్న గడిలో పడ్డారు. అంచున నేను రాసుకున్నది ఇది: "గొడుగు బాగుచేసుకుంటున్నారు. సాపుచేసిన మేకులు డబ్బా నిండా. గోడకు తాడు చుట్టలు తొమ్మిది."

ఇంకో ఇంట్లో ఒక ఇల్లాలు, చెత్తను ఎల్లప్పుడూ డబ్బాలోనే వేస్తారా అన్న ప్రశ్నకు "ఎల్లప్పుడూ" అన్నారు. పక్కన ఆడుకుంటున్న కుర్రవాడు తల ఎత్తి, "అమ్మా, మరి రాత్రి కిటికీలోంచి అవతల గోడ మీదుగా విసిరావు కదా" అన్నాడు. ఆవిడ మొహం ఎర్రబడింది, వెంటనే నవ్వేశారు, నేనూ నవ్వాను. "ఇప్పుడు ఏం రాసుకుంటారండీ?" అని అడిగారు. "మీరు చెప్పిందే రాస్తానమ్మా, మాకు పిల్లవాడి మాట లెక్కలోకి రాదు" అన్నాను. నిజంగానే రాదు. ఇంటికొకరు, పద్దెనిమిదేళ్ళు నిండినవారు, వారు స్వయంగా చెప్పిన మాట, అంతే మా లెక్క.

ఏళ్ళ తరబడి తిరిగాక నాకు గడప ఒక వింత వస్తువుగా కనిపించసాగింది. గడప లోపల అద్దంలా తుడిచిన నేల, గడప దాటి రెండడుగులు వేస్తే ఆ నేల మీద తుడిచినదంతా. లోపల చెప్పులు విడవకపోతే నొచ్చుకునేవారు, బయట మోరీలోకి అరటి తొక్క నుంచి పాత పరుపు దూది వరకు ఏదైనా వదిలేవారు. అది మురికి మీద ప్రేమ కాదు. లోపల వారికున్న శుభ్రత మీద పట్టుదల చూస్తే నాకే సిగ్గు వేసేది. "మీ పరిసరాలు" అని నేను చదివితే వారి చూపు ప్రహరీ గోడ దాకా వెళ్ళి ఆగేది. అవతల ఉన్నది అందరిదీ, అంటే ఎవరిదీ కాదు. మా షెడ్యూలు రాసినవారెవరూ ఆ "మీ" అన్న మాట ఎక్కడిదాకా సాగుతుందో అడగాలనుకోలేదు. ఒకసారి నేనే ఆ సంగతి ఎత్తితే, మా సూపర్‌వైజరు గారు నా షెడ్యూళ్ళు తిరగేసి, అంచున ఉన్న రాతలు చూసి, "వీటికి కోడు లేదయ్యా, వీటిని ఏ గడిలో వేయమంటావు?" అన్నారు. కోప్పడలేదు. రబ్బరు ఇచ్చారు గాని చెరిపించలేదు.

*

జనాన్ని ఏది కదిలిస్తుందో జనానికే తెలియదన్నది ఆ ఉద్యోగం నాకు నేర్పిన సంగతుల్లో ఒకటి. కరెంటు పొదుపు చేయడానికి మీకు కారణమేమిటని అడిగితే ముందు పర్యావరణమనేవారు, తర్వాత రాబోయే తరాలనేవారు, ఆ తర్వాత కొంచెం గొంతు తగ్గించి బిల్లనేవారు. ఇరుగుపొరుగు చేస్తున్నారని చేస్తున్నామన్నవారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కాలిఫోర్నియాలో జెస్సికా నోలన్, ఆమెతో పనిచేసినవారు 2008లో వెలువరించిన అధ్యయనం చదివినప్పుడు మా జవాబులే ఇంకో భాషలో చదువుతున్నట్టు అనిపించింది. అక్కడా జనం పొరుగువారి ప్రభావానికి చిట్టచివరి స్థానమే ఇచ్చారు. కాని ఇళ్ళ తలుపులకు రకరకాల సందేశాలు తగిలించి మీటర్లు చూస్తే, ఎక్కువగా పనిచేసినది "మీ చుట్టుపక్కలవారిలో చాలామంది ఇలా చేస్తున్నారు" అన్న సందేశమే. నలుగురితో నారాయణ అన్న మాటను మనం పూర్వం నుంచీ కొంచెం ఎగతాళిగా వాడుతున్నాం. మీటరు మాత్రం దాన్ని ఎగతాళిగా తీసుకోలేదు.

మా కార్యాలయంలో ఏటా జూన్ 5న, ప్రపంచ పర్యావరణ దినానికి, సభ జరిగేది. 1972లో స్టాక్‌హోంలో పర్యావరణం మీద ఐక్యరాజ్యసమితి సదస్సు మొదలైన రోజు అది. మా సభకు గోడ వెడల్పున ప్లాస్టిక్కు ఫ్లెక్సీ కట్టేవారు, వక్తలకు ప్లాస్టిక్కు సీసాల్లో నీళ్ళు పెట్టేవారు, సభ అయ్యాక ఆ ఫ్లెక్సీని మడిచి స్టోరుగదిలో పడేసేవారు. మరుసటి ఏడు సంవత్సరం అంకె మారేది కాబట్టి కొత్తది కొట్టించేవారు. ఆ సభల్లో నేను కూడా రెండుసార్లు మాట్లాడాను, చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

ఆ సభల నుంచి నాకు మిగిలిన ఒకే ఒక్క మంచి మాట హాలు ఊడ్చే ఆవిడ చెప్పినది. సభ నడుస్తుండగానే ఆమె వంగి వంగి వచ్చి, కుర్చీల మధ్య పడిన ఒక్క కాగితం కప్పును తీసుకుపోయింది. తర్వాత అడిగితే, "మొదటిది ఉండనివ్వకూడదండీ. అది కనబడిందంటే దాని పక్కన పది పడతాయి, పది పడ్డాక ఇక ఎవరికీ సిగ్గుండదు" అంది. రాబర్ట్ చాల్డీని, ఆయన సహచరులు 1990లో వెలువరించిన ప్రయోగం ఇదే మాటను అంకెల్లో చెబుతుంది. వాహనాలు నిలిపే చోట కార్ల అద్దాలకు కరపత్రాలు తగిలించి, నేల శుభ్రంగా ఉన్నప్పుడు వాటిని కింద పడేసినవారు 14 శాతమనీ, నేలంతా చెత్తగా ఉన్నప్పుడు 32 శాతమనీ లెక్కించారు. ముందు వెళ్తున్న మనిషి వారి కళ్ళ ముందే కాగితం పడేసి వెళ్తే, చెత్త నేల మీద అది 54 శాతమైంది, శుభ్రమైన నేల మీద 6 శాతానికి దిగింది. శుభ్రమైన చోట ఒకడు పాడుచేయడం చూస్తే మిగతావారికి ఆ శుభ్రత ఇంకా బాగా కనిపిస్తుందన్నమాట. ఈ లెక్కలు ఆవిడకు చెప్పాలనుకున్నాను. అప్పటికి ఆమె పని మానేసి వెళ్ళిపోయింది.

సంచుల మీద కూడా ఏటా ప్రశ్న ఉండేది. "గుడ్డసంచి వెంట తీసుకెళ్ళాలనే ఉంటుందండీ, గుర్తుండదు" అన్న జవాబు నేను ఎన్నిసార్లు రాశానో! తలుపు వెనక మేకుకు మూడు గుడ్డసంచులు కొత్త మడత విప్పకుండా వేలాడుతూ ఉండేవి. అది సాకు అనుకునేవాణ్ణి. కాని 2002 మార్చిలో ఐర్లండు ప్రభుత్వం ప్లాస్టిక్కు సంచికి 15 సెంట్ల పన్ను పెట్టగానే అక్కడ సంచుల వాడకం 90 శాతానికి పైగా పడిపోయింది. ఒక్క రాత్రిలో వారికి భూమి మీద ప్రేమ పుట్టిందని అనుకోలేం. నిజంగానే గుర్తుండేది కాదు, ఆ చిన్న నాణెం గుర్తుచేసింది. నాకు నచ్చిన సంగతి ఆ తర్వాతది. మొదట విసుక్కుంటారనుకున్న ఆ పన్ను జనానికి ఇష్టమైంది. మనసు మారితే చెయ్యి మారుతుందని నేను జీవితమంతా మనసును అడుగుతూ తిరిగాను. అక్కడ చెయ్యి ముందు నడిచింది, మనసు వెనక వచ్చి కలిసింది. కొన్నేళ్ళకు వాడకం మళ్ళీ కొంచెం పైకి పాకితే 2007లో ఆ పన్నును 22 సెంట్లు చేయవలసి వచ్చిందన్న సంగతి కూడా చెప్పకపోతే మాట పూర్తి కాదు.

*

పదవీ విరమణకు ముందు చేసిన చివరి సర్వేలో, ఉద్యోగంలో చేరిన కొత్తలో తిరిగిన వీధుల్లోనే మళ్ళీ తిరిగే అవకాశం వచ్చింది. అప్పట్లో చెరువుగట్టు మీద కూర్చుని షెడ్యూలు నింపినచోట ఇప్పుడు గట్టూ లేదు, నీరూ సగమే ఉంది, అది కూడా పచ్చటి నురగ కింద. ఒక యువకుణ్ణి అడిగాను, గత కొన్నేళ్ళలో ఇక్కడి నీటి స్థితి మెరుగైందా, దిగజారిందా, మారలేదా అని. "మారలేదండీ, ఎప్పుడూ ఇంతే కదా" అన్నాడు. అతను అబద్ధమాడలేదు, అతని "ఎప్పుడూ" నా "ఎప్పుడూ" కంటే పొట్టిది. చేపల శాస్త్రవేత్త డేనియల్ పౌలీ 1995లో దీనికి "షిఫ్టింగ్ బేస్‌లైన్ సిండ్రోమ్" అని ఒక పేరే పెట్టారు. ప్రతి తరమూ తాను కళ్ళు తెరిచిననాటి స్థితినే మొదటి గీతగా తీసుకుంటుంది, ఆ గీత తరతరానికీ కిందికి జరుగుతుంది.

నా గీత ఎక్కడుందో నాకు తెలియజేసినవి దీపపు పురుగులు. వాన పడిన రాత్రి దీపం కింద వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పెట్టేవాళ్ళం, తెల్లవారేసరికి నీళ్ళ మీద రెక్కలు తెట్టు కట్టి ఉండేవి. చదువుకుంటుంటే పుస్తకంలో పడేవి, చొక్కాలో దూరేవి. ఆ గోల భరించలేక నాన్నగారు దీపం ఆర్పించి అందరినీ చీకట్లో కూర్చోబెట్టేవారు. ఇప్పుడు మా ఇంటి ముందు దీపం రాత్రంతా వెలిగినా పొద్దున దాని అద్దం శుభ్రంగా ఉంటుంది. జర్మనీలో క్రెఫెల్డ్ పట్టణపు కీటక ప్రియులు 63 రక్షిత ప్రాంతాల్లో 27 ఏళ్ళపాటు పట్టిన పురుగులను తూచి చూస్తే ఎగిరే కీటకాల బరువు నాలుగింట మూడు వంతులకు పైగా తగ్గిందని 2017లో తేలింది. అది అక్కడి లెక్క, మా వీధి దీపానికి ఎవరూ లెక్క రాయలేదు. రాయవలసిన ప్రశ్న నా షెడ్యూలులో ఏనాడూ లేదు, పురుగులు లేకపోవడం నాకైనా సుఖంగానే ఉండేది కాబట్టి నేను అంచున కూడా రాయలేదు.

*

కిటికీ మూసిన మర్నాడు పొద్దున, మంట పెట్టిన పక్కింటాయన ఎదురుపడ్డారు. మంచివారు. వీధి చివర నాటిన మొక్కలకు ఎండాకాలమంతా నీళ్ళు పోసేది ఆయనే. "ఎండలు చూశారా, చెట్లన్నీ కొట్టేస్తే ఇంతే మరి" అన్నారు. "అవునండీ" అన్నాను. జీవితమంతా ముక్కూమొహం తెలియనివారిని ప్రశ్నలడిగిన నాకు, పక్కింటివారిని ఒక్క ప్రశ్న అడగడానికి నోరు పెగల్లేదు.

ఆ మధ్యాహ్నమే అటక మీది నుంచి పాత షెడ్యూళ్ళ కట్ట దించాను. లెక్కలు తేల్చేశాక పారేయమని కార్యాలయంవారు ఇచ్చినవాటిలో అంచు రాతలున్నవి కొన్ని దాచుకున్నాను. మా మనవరాలు నేల మీద కూర్చుని ఒక్కొక్కటీ పైకి చదివింది. "కొళాయి కట్టలేదు." "గోడ మీదుగా విసిరారట, పిల్లవాడి మాట." "సంచులు మూడు, మడత విప్పలేదు." మధ్యలో ఒక షెడ్యూలు మీద నా దస్తూరీనే చూసి, "ఇది మీ పేరు మీదే ఉందేం తాతయ్యా?" అని అడిగింది. పని లేని ఒక మధ్యాహ్నం నన్ను నేనే అడిగి నింపుకున్నది అది. అన్నిటికీ "పూర్తిగా అంగీకరిస్తాను." దాని అంచు మాత్రం ఖాళీగా ఉంది. మనవరాలు నా వైపు చూసి, పెన్సిలు అడిగి, "కరెంటు పంకా తిరుగుతూనే ఉంది, గదిలో ఎవరూ లేరు" అని రాసింది. నిజమే, పక్కగదిలో తిరుగుతూనే ఉంది.

పాత కాగితాలు కొనే అతన్ని పిలిచి కట్ట ఇచ్చేశాను, గొడుగు ముసలాయన షెడ్యూలు ఒక్కటి ఉంచుకుని. అతను కాగితాలు తూచేముందు చుట్టి ఉన్న ప్లాస్టిక్కు కవరు విప్పి పక్కన పెట్టాడు. కాగితాలు పసుపుపచ్చగా మారి మూలలు పొడిపొడిగా రాలుతున్నాయి. కవరు మాత్రం వానలో తడవకుండా ఆనాడు చుట్టినప్పుడు ఎలా ఉందో దాదాపు అలాగే ఉంది. "ఇది మీరే ఉంచుకోండి సార్, మాకు పనికిరాదు" అని నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు. కడిగి తీగ మీద తలకిందులుగా ఆరవేశాను. మూడు రోజులైంది, ఇంకా అక్కడే ఉంది.